నిలబడి ఇచ్చిన కొలత

మా కింద వాటాలో ఉండే అమ్మాయి మొన్న ఫోను పట్టుకుని పైకొచ్చింది. ఏవో విదేశీ బూట్లు, అక్కడి నుంచే నేరుగా తెప్పించుకుంటుందట. ముప్పై ఎనిమిది పెట్టాలా, ముప్పై తొమ్మిది పెట్టాలా అన్నది దాని బాధ. మంచం మీద కూర్చుని, కాలు గాల్లోకి చాపి, టైలరు టేపుతో కొలుచుకున్న కొలత చూపించి, "ఆంటీ, మీరు స్టోర్స్‌లో చేశారు కదా, మీరే చెప్పండి" అంది.

"ముందు లేచి నిలబడు" అన్నాను. కాస్త కసురుగానే అన్నట్టున్నాను. పిల్ల మొహం చిన్నబోయింది. నిలబెట్టి కొలిస్తే ఒక సైజు తేడా వచ్చింది. థాంక్స్ చెప్పి వెళ్లిపోయింది. ఆ మాత్రం దానికి నేనెందుకు కసిరానో దానికి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. కానీ ఆ రోజంతా నాకు ఏ పనీ తోచలేదు. అందుకే ఇది రాస్తున్నాను. రేపు మీలో ఎవరైనా ఏ కంపెనీలోనో కూర్చుని పదిమందికి బట్టలూ బూట్లూ తెప్పించాల్సి వస్తే పనికొస్తుందేమో. రాకపోయినా ఫరవాలేదు. ఈ వయసులో పనికొచ్చేవి మాత్రమే చెయ్యాలన్న పట్టుదల నాకు లేదు.

నేను పనిచేసింది శ్రీకాకుళం జిల్లాలో, హైవేకీ సముద్రానికీ మధ్యనున్న ఒక రొయ్యల ఫ్యాక్టరీలో. చెరువుల్లో పెంచిన రొయ్యలు లారీల్లో వస్తాయి. తల తీసి, తోలు ఒలిచి, సైజు వారీగా ఏరి, గడ్డకట్టించి, పెట్టెలకెత్తి విదేశాలకి పంపుతారు. ఒలిచేదీ ఏరేదీ అంతా ఆడవాళ్లే. భావనపాడు చుట్టుపక్కల ఊళ్ల నుంచి కంపెనీ బస్సుల్లో వచ్చేవాళ్లు. నేను స్టోర్స్ ఇన్‌చార్జిని. గ్లవ్స్, టోపీలు, ఏప్రన్లు, సబ్బులు, కత్తులు, అన్నీ నా కిటికీలోంచే వెళ్లాలి. "స్టోరమ్మగోరు" అనేవాళ్లు నన్ను. ఎవరేమడిగినా కసురుకునేదాన్ని. ఇవ్వకుండా మాత్రం ఎప్పుడూ ఉండలేదు.

ఒలిచే హాల్లో ఎప్పుడూ చలి. రొయ్య పాడవకూడదని ఐసు మీద ఐసు పోస్తారు. నేల మీద నీళ్లు పారుతూనే ఉంటాయి. అందులో రోజంతా నిలబడాలి, కూర్చోవడానికి లేదు. కాళ్లకి నల్ల గమ్‌బూట్లు ఇచ్చేవాళ్లం. మగవాళ్ల కోసం చేసినవి, పెద్దవి, ఎవరి కాలైనా పట్టేస్తుంది. ముందు భాగంలో గుడ్డపేలికలు కుక్కుకుని టపటపలాడించుకుంటూ తిరిగేవాళ్లు. ఆ బూట్లకి సైజు అన్న మాటే ఉండేది కాదు. ఇన్నేళ్లలో నేను ఎవరి కాలూ కొలిచిన పాపాన పోలేదు.

ఆ హాలుకి పెద్దదిక్కు ఒకావిడ ఉండేది. యాభై దాటిన మనిషి, కంపెనీ తెరిచిన రోజుల్లోనే చేరింది. రొయ్యని చేతిలోకి తీసుకుంటే చాలు, తక్కెడ అక్కర్లేకుండా ఏ గ్రేడో చెప్పేసేది. చిన్నా పెద్దా అందరూ ఆమెని "అప్పా" అనేవాళ్లు, మా మేనేజరుతో సహా. మావైపు అప్ప అంటే అక్క. మేనేజరు నెల్లూరు వైపు మనిషి. అది ఆవిడ పేరే అనుకుని చాలాకాలం "అప్పగారూ" అని పిలిచాడు. ఆ గారు తగిలించినప్పుడల్లా హాలంతా ముసిముసిగా నవ్వేది.

ఇలా ఉండగా, మా సరుకు కొనే విదేశీ కంపెనీ కొత్త షరతు పెట్టింది. హాల్లో ఆడవాళ్లకి చలి తగలకుండా లోపల మెత్తటి పొర ఉన్న తెల్ల బూట్లు ఉండాలి, గడ్డకట్టించే గదిలో మగవాళ్లకి దళసరి జాకెట్లు ఉండాలి. రెండూ వాళ్లు చెప్పిన రకమే, అవి ఇక్కడ దొరకవు. తెప్పించుకోండి, తర్వాత మా మనిషి వచ్చి చూస్తుంది అన్నారు. ఆ షరతు మంచిదే. మా ఆడవాళ్ల కాళ్ల గురించి సముద్రానికి అవతల ఎవరో ఆలోచించారని నాకు ముచ్చటేసింది కూడా. మేనేజరు నన్నూ, క్వాలిటీ విభాగంలో చేసే అమ్మాయినీ పిలిచి, "సైజులు కరెక్టుగా పెట్టండమ్మా. ఒకసారి బయల్దేరిన సరుకు వెనక్కి పోదు" అన్నాడు.

జాకెట్ల సంగతి తేల్చెయ్యడం ఎంతసేపు! మగవాళ్లని అడిగితే అందరూ వాళ్ల టీషర్టు మెడ వెనక చీటీ చూసి "ఎల్" అన్నారు. నేనూ ఎల్ అని రాసేశాను. మన సంతలో ఎల్ వేరు, ఆ దేశపు ఎల్ వేరు అని అవి దిగాక తెలిసింది. ఒక్కో జాకెట్టులో ఇద్దరు పట్టేట్టున్నారు. చేతులు వేళ్లు దాటి జానెడు వేలాడాయి. వాళ్లు నవ్వుకుంటూ మడుచుకున్నారు. జాకెట్టు పెద్దదైతే మడుచుకోవచ్చు. బూటు చిన్నదైతే మడుచుకోవడానికి కాలు తప్ప ఇంకేమీ ఉండదు.

బూట్ల దగ్గరే చిక్కొచ్చింది. "నీ చెప్పు సైజెంత?" అని మొదటి మనిషిని అడిగాను.

"నాకేటి తెలుసమ్మా? దుకానంలో కాలెట్టి సూస్తాను, పడితే కొంటాను" అంది.

అందరిదీ అదే మాట. విదేశీ కంపెనీ వాళ్లు మెయిల్లో పద్ధతి చెప్పారు. కాగితం మీద కాలు పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీసి, పొడవూ వెడల్పూ కొలిచి పంపమన్నారు. సులువుగానే అనిపించింది. తెల్ల కాగితాల కట్ట తీసుకుని, పొద్దున్నే బస్సులు దిగేవేళకి విశ్రాంతి గదిలో కింద చతికిలబడ్డాను. నా మోకాళ్ల సంగతి ఆ దేవుడికి తెలుసు.

మొదటి పిల్ల వచ్చి కాగితం చూసి ఆగిపోయింది. "కాయితం తొక్కమంతన్నావేటమ్మా? సదువుల తల్లి గదా" అంది. తెల్ల కాగితంలో ఏ తల్లీ లేదు, తొక్కు అన్నాను. మాది ప్రార్థన మందిరానికి పోయే కుటుంబం. మేమూ బైబిలు కాలికి తగిలితే కళ్లకద్దుకునేవాళ్లమే, కానీ ఖాళీ కాగితానికి కూడా భయపడతారని నేననుకోలేదు. అది కొంత. రెండోది, నా చెయ్యి. నేను పెద్దదాన్ని. పెన్సిలు తిప్పాలంటే కాలు పట్టుకోవాలి. పట్టుకోగానే ఉలిక్కిపడి వెనక్కి లాక్కునేవాళ్లు.

"ఓలమ్మా, నువ్వు నా కాలు ముట్టుకుంతావేటి! నాకు పాపం సుట్టుకోదా?"

"పాపం నాకొదిలెయ్యి, కాలు పెట్టు."

పెట్టారు. ఎలా పెట్టారో మాత్రం నేను సరిగ్గా చూడలేదు. ఒక చెయ్యి గోడకి ఆనించి, బరువంతా రెండో కాలి మీద వేసుకుని, ఈ కాలిని కాగితానికి తాకీ తాకనట్టు ఉంచారు. నేను గీత పూర్తిచెయ్యగానే చటుక్కున తీసి, వంగి కాగితాన్ని ముట్టుకుని కళ్లకద్దుకున్నారు. అందరిలోకీ అప్పదే ఎక్కువ మొహమాటం. నేను ఆమె చీలమండ పట్టుకున్నంతసేపూ ఊపిరి బిగబట్టుకుని నిలబడింది. వెడల్పు కొలిస్తే మూడున్నర అంగుళాలొచ్చింది. క్వాలిటీ అమ్మాయి అది చదివి, "అప్పా, మనిషివి ఇంతున్నావు, కాలు మాత్రం కొత్తపెళ్లికూతురిదే" అంది. గదంతా గొల్లుమంది. అప్ప కూడా సిగ్గుపడి నవ్వింది.

చాలా మర్యాదగా కొలతలిచ్చారు. కానీ కాలు మర్యాదగా ఉండేది కాదు. బరువు పడితే ఒళ్లు విరుచుకుంటుంది, వేళ్లు పరుచుకుంటాయి. సాయంత్రానికి ఉబ్బుతుంది. ఇసకలో చెప్పుల్లేకుండా పెరిగిన కాలైతే ఇంకా. ఇవన్నీ నాకు ఇప్పుడు తెలుసు.

బూట్లు దిగిన రోజు హాల్లో పండగే. పాలలాంటి తెలుపు, లోపల మెత్తని పొర. ప్లాస్టిక్కు కవరు తియ్యడానికే మనసొప్పలేదు కొందరికి. పక్కపక్కన నిలబడి కాళ్లు మాత్రమే వచ్చేట్టు ఫోటోలు తీసుకున్నారు. "ఎలా ఉన్నాయి?" అని కిటికీలోంచి అడిగాను.

"కొంచెం కరుస్తన్నాయమ్మా. కొత్తయి గదా, నాలుగు రోజులేస్తే సాగుతాయి" అన్నారు.

నేను కూడా సరే అనుకున్నాను. మనకి తెలిసిన చెప్పులన్నీ తోలువి. కొత్తలో కరుస్తాయి, కొబ్బరినూనె రాస్తాం, ఓర్చుకుంటాం, సాగుతాయి. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి అంతే. వీళ్లు ఆ తెల్ల బూట్లకీ నూనె రాశారు. ఆ సరుకు ఏదో మరి, సాగే రకం కాదు. తయారుచేసినవాళ్లు సాగకూడదనే తయారుచేశారు. అది సాగుతుందని వీళ్లు, వీళ్లు అలవాటు పడతారని నేను, ఎదురుచూస్తూ కూర్చున్నాం. ఇచ్చిన వస్తువుకి వంక పెట్టడం మా ఆడవాళ్లకి చేతకాదు. పెడితే వెనక్కి తీసేసుకుంటారని భయం కూడా.

విదేశీ మనిషి వచ్చి చూసిపోయే ఆడిట్ దగ్గరపడింది. ఒక సాయంత్రం పని దిగేవేళ, లెక్కలో తేడా వస్తే బూట్ల రాక్ దగ్గరికి నేనే వెళ్లాను. ఆడవాళ్లు బూట్లు విప్పి, వరండా చివర కుళాయి కింద కాళ్లు కడుక్కుని, గచ్చు మీదుగా నడిచి బస్సుల వైపు పోతున్నారు. గచ్చు మీద తడి అడుగులు. పక్కనే వరసగా విప్పిన బూట్లు. అడుగు వెడల్పుగా ఉంది, బూటు సన్నగా ఉంది. ఒకరిది కాదు, అందరిదీ. ఊరికే నిలబడి చూశాను. ఇంతకాలం ఎవరూ, నేను కూడా, ఆ రెండింటినీ పక్కపక్కన చూడలేదు.

ఏప్రన్ జేబులోంచి టేపు తీసి వంగాను. ఒక అడుగు కొలిచేలోగా ఇంకోటి ఆరిపోతోంది. ఆ తొందరలో అప్ప అడుగులు కనిపించాయి. ఎలా తెలిసిందంటే, అవతల చివర ఆమె ఒక్కతే నడుస్తోంది, అందరికంటే వెనక. కుడి అడుగు నాలుగంగుళాల పైనే ఉంది. ఎడమ అడుగు సగమే పడింది. చిటికెన వేలి వైపు నేలని తాకడం లేదు.

"అప్పా, ఆగు. ఆ కాలేంటి?"

"సిన్న బొబ్బమ్మా. ఏటీ నేదు."

బల్ల మీద కూర్చోబెట్టి చూశాను. చిన్న బొబ్బ కాదు. చిటికెన వేలు నల్లబడి, పక్క చీరుకుపోయి ఉంది. నొప్పి లేదా అంటే, "అంత తెలీటం నేదు" అంది. మా అమ్మకి అలాగే తెలిసేది కాదు.

"అప్పా, నీకు షుగరుందా?"

చుట్టూ చూసి, బొడ్డులో దోపుకున్న చిన్న పొట్లం చూపించింది. మందు బిళ్లలు. "ఎవులికీ సెప్పకమ్మా. తెలిస్తే ఇంటికి పొమ్మంతారు. మా మావ సేపలేటకెల్లడం మానీసినాడు, ఇల్లు నా సేతి మీదే ఉన్నాది. అదొక్కటే కాదు. ఇంటికాడ కూకుంతే నన్నెవులు అప్ప అంతారు?"

ఆస్పత్రికి వెళ్లమన్నాను. ఎల్లుండి ఆడిట్ అయిపోనీ, వెళ్తానంది. ఆడిట్‌కొచ్చే దొరసానితో మాట్లాడ్డానికి పాత మనిషని ఆమెనే ఎంపిక చేశారు. ఆ మాట ఆమె ఊరంతా చెప్పుకుంది. కొత్త చీర కూడా తీసింది, ఏప్రన్ కింద ఎవరికీ కనపడదని తెలిసి కూడా.

మేనేజరు దగ్గరికి వెళ్లి బూట్లన్నీ ఇరుకని చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు. "ఇప్పుడా చెప్పేది? వేరేవి తెప్పించాలంటే ఆడిట్ దాటిపోతుంది. ఒక పని చెయ్యండి. రేపు అందరికీ పాత బూట్లే ఇవ్వండి. ఎల్లుండి ఒక్క పూట కొత్తవి వేసుకుంటే చాలు. ఆమె వెళ్లగానే మళ్లీ ఆర్డరు పెడదాం" అన్నాడు. చెడ్డ మాటేం కాదు. షుగరు సంగతి నేను చెప్పలేదు. చెప్పనని అప్పకి మాటిచ్చి వచ్చాను మరి. ఆయనకి తెలిసిన దాన్నిబట్టి ఆయన సరిగ్గానే చెప్పాడు. నాకు తెలిసినదాన్నిబట్టి నేను ఏం చెయ్యాలో నాకు తోచలేదు. పుండు మీద మందు రాసి కట్టు కట్టాను. ఆడిట్ రోజు సెలవు పెట్టమని బతిమాలాను. "ఏటమ్మా నీ గాబరా" అని నన్నే మందలించింది.

ఆడిట్‌కొచ్చినావిడ పొడగరి, మితభాషి. కారు దిగుతూనే సంచీలోంచి తన బూట్లు తనే తీసి తొడుక్కుంది. దేశం దాటి వచ్చేటప్పుడు కూడా సొంత బూట్లు మోసుకొచ్చిన మనిషి. దాన్ని చూసి నాకు ఎందుకో నవ్వొచ్చింది, అలసట వల్ల వచ్చే నవ్వు. ఆమె అన్నీ చూసింది. ఐసు, నీళ్లు, కత్తులు, గోడలు. చివరికి ఏరే బల్ల దగ్గర ఆగి, అప్పని పిలిపించింది. క్వాలిటీ అమ్మాయి మధ్యలో నిలబడి అటు మాట ఇటు, ఇటు మాట అటు చెబుతోంది. నేను స్టోరు గుమ్మం దగ్గరున్నాను.

"ఎన్నాళ్లుగా చేస్తున్నారని అడుగుతున్నారు, అప్పా."

"కంపినీ గోడలు లెగిసిన కాణ్ణించీ ఉన్నానని సెప్పు."

"కొత్త బూట్లు సౌకర్యంగా ఉన్నాయా అంటున్నారు."

"సేనా బాగున్నాయి. సల్లదనం సుక్కంత తగల్నేదని సెప్పు. పంపినందుకు దండాలని సెప్పు."

చేతులు జోడించి నవ్వుతూ చెప్పింది. మేనేజరు ఊపిరి పీల్చుకున్నాడు. దొరసాని రాసుకుంటోంది. అప్ప బరువంతా కుడికాలి మీద ఉంది. ఎడమకాలు తాకీ తాకనట్టు ఉంది, ఆ రోజు కాగితం మీద పెట్టినట్టే. అది చూశాక నేను ఇక ఆగలేకపోయాను. నా ఇంగ్లీషు గొప్పదేం కాదు. "మేడమ్, ఆ బూటు విప్పి చూడండి. కొలత మాదే తప్పు" అన్నాను.

మేనేజరు నా వైపు చూసిన చూపు గురించి రాయను. అప్ప "వద్దు, వద్దు" అంటూ వెనక్కి జరిగింది. దొరసాని పెన్ను జేబులో పెట్టుకుని, స్టూలు తెమ్మంది. బూటు రాలేదు. ఇద్దరు పట్టుకుని లాగితే వచ్చింది. నేను కట్టిన కట్టు తడిసి నల్లగా ఉంది. దొరసాని నీళ్లలోనే మోకాళ్ల మీద కూర్చుంది. ఆ కట్టు తనే విప్పింది.

అప్ప నన్నే చూస్తోంది. "అందరిముందూ నా పరువు తీసీసినావు గదమ్మా" అంది.

కంపెనీ కారులోనే శ్రీకాకుళం ఆస్పత్రికి తీసుకెళ్లాం. మేనేజరు కూడా వచ్చాడు. సాయంత్రం దాకా బెంచీ మీద నా పక్కనే కూర్చుని, ఒకే ఒక్క మాట అడిగాడు. "షుగరని మీకు ముందే తెలుసా అమ్మా?" తెలుసన్నాను. వేలు తీసెయ్యక తప్పదన్నారు. చిటికెన వేలు, దాని కింద ఎముకతో సహా, ఆ పక్కంతా. ఇంకా ఆలస్యమైతే పాదమే పోయేదని డాక్టరు చెప్పాడు. అది విని నాకు ఊరట కలగాలి కాబోలు. కలగలేదు.

నేను ఆస్పత్రికి రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ అప్ప గోడవైపు తిరిగి పడుకుంది. వాళ్లాయన మాత్రం గుమ్మం దాకా వచ్చి, "ఏటనుకోకమ్మా, అదలాగే ఉంటాది" అన్నాడు.

దొరసాని రిపోర్టులో ఆమె గురించే ఒక పేరా ఉంది. వైద్యం కంపెనీయే చేయించాలి, నయమయ్యాక అదే పనిలోకి తీసుకోవాలి, మళ్లీ వచ్చినప్పుడు ఆమెని తాను కలుస్తాను అని. ఆ పేరా వల్ల ఆమెని ఎవరూ ఇంటికి పొమ్మనలేకపోయారు. పరువు తీసిన మాటే పని నిలబెట్టింది. ఇది చదివి నన్ను మెచ్చుకోకండి. అంత దూరం ఆలోచించి నేను నోరు తెరవలేదు. నిలబడలేని మనిషిని నిలబెట్టారన్న కోపం తప్ప అప్పుడు నాలో ఇంకేమీ లేదు.

రెండోసారి కొలతలు గచ్చు మీద తీశాను. కాగితం లేదు, కాలు పట్టుకోవడం లేదు. పని దిగేవేళ, కాళ్లు ఉబ్బి ఉన్నప్పుడు, కుళాయి దగ్గర కడుక్కుని మామూలుగా నడిచి రమ్మన్నాను. నేనూ క్వాలిటీ అమ్మాయీ చెరో టేపుతో ఆరిపోయేలోగా కొలిచాం. వాళ్లకి అదో ఆటలా ఉంది. "నాది సూడమ్మా, బేగి, ఆరిపోతన్నాది" అని అరిచేవాళ్లు. పొడవుతో పాటు వెడల్పూ అడిగే రకం వెతికి, లోపలి పొర మందం కలుపుకుని ఆర్డరు పెట్టాం. అప్పది మాత్రం కొత్తగా తీసే వీల్లేదు. ఆ సాయంత్రం గచ్చు మీద చూసిన కుడి అడుగు కొలతే, రెండు కాళ్లకీ, రాసి పంపాను.

ఈసారి బూట్లు సరిపోయాయి. ఎవరూ ఫోటోలు తీసుకోలేదు.

అప్ప వచ్చేసరికి నా ఉద్యోగం ఆఖరి వారానికొచ్చింది. స్టోరు కిటికీ దగ్గర నిలబడింది. చిక్కింది. నా మొహం చూడకుండా "బూట్లియ్యమ్మా" అంది. లోపలికి రమ్మని స్టూలు వేశాను. ఆమె కోసం దాచిన జత తీశాను. కుడిది తొడిగితే చక్కగా కుదిరింది. ఎడమది తొడిగాను. లేచి రెండడుగులు వేసింది. కాలు లోపల జారుతోంది. ఆ నేల మీద అలాంటి బూటు వేసుకుంటే పడుతుంది. పేలికలు కుక్కుదామా అన్నాను. పుండు మానిన చోట ఏదీ ఒరుసుకోకూడదని డాక్టరు చెప్పాడంది.

మూల రాక్ కింద, వెనక్కి పంపడానికి వీల్లేక పడున్న మొదటి బూట్ల వైపు ఆమె చూసింది. నేను ఆ వైపు చూడదలచుకోలేదు. ఆమే వెళ్లి, తన నంబరున్నది వెతికి, ఎడమది తీసి తెచ్చుకుంది. తొడుక్కుంది. అటూ ఇటూ నడిచింది. ఎక్కడా పట్టలేదు, ఎక్కడా జారలేదు.

"సూసినావా స్టోరమ్మా" అంది. ఆస్పత్రి తర్వాత నాతో నవ్వడం అదే మొదలు. "నీ బూటు సిన్నది కాదు. నా కాలే పెద్దదయిపోనాది. ఇపుడు సరీగ్గా ఉన్నాది."

నాకు నవ్వు రాలేదు. ఏడుపొచ్చింది. అది కనపడకూడదని కింద కూర్చుని, బూటు ముందు భాగం నొక్కి చూస్తున్నట్టు నటించాను. బూటు విప్పు, మానిన చోటు ఒకసారి చూస్తాను అన్నాను. విప్పింది. ఈసారి కాలు వెనక్కి లాక్కోలేదు. నా భుజం మీద చెయ్యి వేసి, ఆ కాలు నేల మీద ఆనించి, దాని మీదే నిలబడింది.

"కొలువమ్మా" అంది. "ఈపాలి బరువంతా యేసినాను."

కొలవాల్సిన పని లేదు. అయినా ఆమె అలా నిలబడి ఉంది. టేపు తీసి అడ్డంగా పట్టి చూశాను.

మూడున్నర.